తుడిచివేసిన పంక్తి ఎక్కడికి పోవును?

నేడు మన పిల్లలలో అనేకులు కంప్యూటరు ప్రోగ్రాములు వ్రాయ నేర్చుచున్నారు. వారు వ్రాసినది ఎట్లు భద్రపడునో, దానిలో పాత సంగతిని ఎట్లు వెదకుదురో తల్లిదండ్రులకును స్థూలముగా తెలిసియుండుట మేలని తలచి ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

పాఠశాల ప్రవేశపు రిజిస్టరులో తప్పు పడినచో దానిని గీకివేయరాదు. పాత మాట కనబడునట్లు అడ్డుగీత గీసి, సరియైనది ప్రక్కన వ్రాసి, సంతకము చేసి తేదీ వేయవలెను. ప్రోగ్రాములకును ఇట్టి రిజిస్టరు కలదు. నేడు మిక్కిలి వాడుకలోనున్నది ‘గిట్’ అనునది. లినక్స్ పనికొరకు లినస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిలులో దీనిని ఆరంభించెను. పని ఒక కొలిక్కి వచ్చినప్పుడెల్ల దాని ప్రతిని వ్రాసినవారి పేరు, తేదీ, కారణములతో ఇందు చేర్తురు. ఈ చేర్పునకు ‘కమిట్’ అని పేరు.

ఒక అంగడి బిల్లుల ప్రోగ్రాములో ‘డిస్కౌంట్’ అను పంక్తి ఉండెననుకొందము. ఆరు నెలల తరువాత అది కనబడలేదు. ఎవరు తీసివేసిరి? ఏల?

ఇచ్చట ‘గిట్ బ్లేమ్’ అను సాధనము చాలదు. ఇప్పుడున్న ప్రతి పంక్తిని కడపట ఎవరు మార్చిరో అది చెప్పును గాని, పోయిన పంక్తిని గూర్చి చెప్పజాలదు. అందుకు ‘గిట్ లాగ్’ అను ఆజ్ఞకు పెద్ద ఎస్ అక్షరపు గుర్తును, వెదకవలసిన మాటను చేర్చవలెను. ఏ కమిట్‌లో ఆ మాట లెక్క పెరిగెనో, తరిగెనో అవి మాత్రమే బయటపడును. పంక్తి పుట్టిన దినము, పోయిన దినము రెండును దొరకును. అయితే అదే ఫైలులో పంక్తి చోటు మారినంతమాత్రమున లెక్క మారదు గనుక అది కనబడదు. అట్టివియు కావలెనన్నచో పెద్ద జి అక్షరపు గుర్తు వాడవలెను. వేరు శాఖలలో జరిగిన పనిని కూడ వెదకుటకు ‘ఆల్’ అను గుర్తు చేర్చవలెను.

వెదకవలసిన మాటయే తెలియక, లెక్క తప్పుచున్నదని మాత్రము తెలిసినచో ‘గిట్ బైసెక్ట్’ కలదు. బాగుగా నడిచిన పాత ప్రతి ఒకటి, చెడిన ప్రతి ఒకటి చూపినచో అది నడుమ ప్రతిని పరీక్షింపుమనును. ప్రతి పరీక్షతో సగము తగ్గిపోవును. వేయి మార్పులున్నను పది పరీక్షలతో దోషము పుట్టిన చోటు తేలును.

ఇందులో ఒక హెచ్చరికయు కలదు. పిల్లవాడు తన పాస్‌వర్డును ప్రోగ్రాములో వ్రాసి, నలుగురు చూచు చోట ఉంచి, మరునాడు తుడిచివేసెననుకొందము. పైన చెప్పిన వెదకులాటయే పరులకును సాధ్యము. నిన్నటి కమిట్‌లో అది అట్లే యుండును. కావున తుడిచితినని ఊరకుండరాదు. మొట్టమొదట పాస్‌వర్డును మార్చవలెను.

ఎంత వెదకినను ‘ఎవరు, ఎప్పుడు’ అనునవే యంత్రము చెప్పును. ‘ఏల’ అనునది వ్రాసినవాడు చెప్పినగాని తెలియదు. ‘మార్చితిని’ అని వ్రాసినచో ఏమి ప్రయోజనము? ‘పండుగ గడువు తీరినందున డిస్కౌంట్ తీసివేసితిని’ అని వ్రాసినచో వెనుక వచ్చువారికి దారి దొరకును. ఈ కారణమును తెలుగులో వ్రాయవచ్చును, ‘గ్రెప్’ అను గుర్తుతో తెలుగు మాటనే ఇచ్చి వెదకవచ్చును. పరరాష్ట్రమున తెలుగు చదువుచున్న మన పిల్లలకు ఇది చిన్న సంగతి కాదు. తెలుగెరిగినవారితో కలసి చేయు పనిలో వారు తమ ఆలోచనను తమ భాషలోనే నిలుపుకొనగలరు.

కనుక తల్లిదండ్రులు ప్రోగ్రాము తెలియదని సంకోచింపక, పిల్లలను ఒక్క ప్రశ్న అడుగుచుండవలెనని కోరుచున్నాము: “నేడు ఏమి మార్చితివి? ఏల మార్చితివో వ్రాసితివా?”