ఫోనులో పాడ్‌కాస్టు యాపు: ఎన్నుకొను విధము

విజయవాడ ఆకాశవాణి కేంద్రము 1948లో ప్రసారములు ఆరంభించినది. అప్పటినుండి చాలకాలము మన గ్రామములలో వినదలచినవారు రేడియో చెప్పిన వేళకు రేడియో వద్ద కూర్చుండవలసినదే. పొలములో నీరు కట్టుచున్న రైతునకును, పశువులకు మేత వేయుచున్న గృహిణికిని ఆ వేళ వీలుపడనిచో ఆనాటి కార్యక్రమము తప్పిపోయినట్లే. పాడ్‌కాస్టు ఈ చిక్కును చాలవరకు తొలగించినది. ఒకరు తమ ప్రసంగమునో సంభాషణనో రికార్డు చేసి అంతర్జాలమున నుంచగా, శ్రోత తనకు తీరిక చిక్కినపుడు ఫోనులోనికి దించుకొని వినుటయే పాడ్‌కాస్టు. ఈ పేరు 2004లో వాడుకలోనికి వచ్చినది.

వినుటకు యాపు కావలెను. ఏ యాపు మంచిదని పంచాయతీ సభ్యులను గ్రామస్థులు అడుగుట సహజము. బొమ్మ చక్కగా నున్నదనియో, ఫోనుతోపాటే వచ్చినదనియో ఒకదానిని పట్టుకొనుట కంటె, ముందుగా ఆ యాపు చేయు పని యేమో తెలిసికొనుట మేలు.

మాసపత్రికకు చందాదారుగా చేరిన యెడల ప్రతి సంచికయు ఇంటికి వచ్చును గదా. పాడ్‌కాస్టు నడుపువారు తమ కార్యక్రమములకు అంతర్జాలమున ఒక చిరునామా ఏర్పరతురు. దానిని ఫీడు అందురు. శ్రోత ఆ ఫీడునకు చందాదారుగా చేరినచో క్రొత్త భాగము వెలువడినపుడెల్ల యాపు దానిని కనిపెట్టి తెచ్చి ఇచ్చును. ఇందు చాలవరకు రుసుము లేదు. కార్యక్రమము దాని కర్తలది. యాపు తపాలా బంట్రోతు వంటిది మాత్రమే. బంట్రోతు మారినను పత్రిక రావలెను. అయితే మన చందాల జాబితా ఆ బంట్రోతు సంచిలోనే యుండిపోయి, అతడు పని మానుకొనినచో ఏమగును?

ఇది ఊహ కాదు. గూగుల్ సంస్థ 2018లో గూగుల్ పాడ్‌కాస్ట్స్ అను యాపును విడుదల చేసినది. ఉచితము, సులభము గనుక ఆండ్రాయిడ్ ఫోనులు గలవారు అనేకులు దానిని వాడిరి. 2024లో ఆ సంస్థయే దానిని మూసివేసినది. జాబితాను వేరొకచోటికి మార్చుకొనుటకు కొంత గడువు ఇచ్చిరి. దానిని గమనించి మార్చుకొనినవారికి నష్టము లేదు. గమనింపనివారు తాము వినుచుండిన కార్యక్రమములను మరల ఒక్కొక్కటిగా వెదకుకొనవలసి వచ్చినది. స్టిచర్ అను మరియొక పేరుపొందిన యాపు 2023 ఆగస్టులో మూతబడినది. పెద్ద సంస్థ వారిదే గదా అను ధైర్యము ఇట్టి విషయములలో చాలదు.

కావున యాపును ఎన్నుకొనువారు మొట్టమొదట అడుగవలసిన ప్రశ్న ఇది: నా జాబితాను బయటికి తీసికొనిపోవుటకు ఇది అంగీకరించునా? ఇందుకు ఓపీఎంఎల్ అను ఒక ఫైలు పద్ధతి కలదు. సెట్టింగులలో ఓపీఎంఎల్ ఎక్స్‌పోర్ట్ అను మాట కనిపించినచో జాబితాను ఆ ఫైలుగా దాచుకొని, రేపు మరియొక యాపులో చేర్చుకొనవచ్చును. ఆ ఫైలులో చందాల పేర్లు, చిరునామాలు మాత్రమే యుండును. దించుకొనిన ధ్వని దానితో రాదు.

ఆండ్రాయిడ్ ఫోను గలవారికి యాంటెన్నాపాడ్ అను యాపును మొదట చూడుడని చెప్పవచ్చును. స్వచ్ఛంద సేవకులు నడుపుచున్న ఈ యాపు ఉచితము; దానికై ఖాతా తెరువ నక్కరలేదు; యాపు తనంతట తాను ప్రకటనలు చూపదు. కార్యక్రమము నడుమ దాని కర్తలే చేర్చిన ప్రకటనలు మాత్రము వినబడును. ఐఫోనులో ఇది పనిచేయదు. పాకెట్ కాస్ట్స్ అనునది రెండు విధముల ఫోనులలోను పనిచేయును; కొన్ని అదనపు సౌకర్యములకు మాత్రము సొమ్ము కట్టవలెను. ఈ రెండును జాబితాను బయటికి ఇచ్చును. ఐఫోనులో ఆపిల్ సంస్థ వారి పాడ్‌కాస్ట్స్ యాపు ముందుగనే యుండును. స్పాటిఫై పాటలకు ప్రసిద్ధము. సొమ్ము కట్టనివారు కూడ అందు పాడ్‌కాస్టులను దించుకొనవచ్చును. కాని ఫీడు చిరునామాను శ్రోత తానుగా చేర్చుకొనుట అందు కుదరదు. పాటలకు దానిని ఉంచుకొని, పాడ్‌కాస్టులకు వేరు యాపు పెట్టుకొనుటలో తప్పులేదు.

ప్రసారభారతి వారి న్యూస్ ఆన్ ఎయిర్ యాపులో ఆకాశవాణి కేంద్రముల ప్రత్యక్ష ప్రసారములు వినవచ్చును. అది మంచి సౌకర్యమే. అయితే ప్రత్యక్ష ప్రసారమునకు వినునంతసేపు సిగ్నలు ఉండవలెను. పాడ్‌కాస్టును ఒకసారి దించుకొనినచో ఆ పిమ్మట సిగ్నలుతో పనిలేదు. తండాలలోను, ఏజెన్సీ గ్రామములలోను ఈ భేదము చాల ముఖ్యము.

డేటా లెక్క కూడ చూడవలెను. మాటలకు చాలు 64 కిలోబిట్ల నాణ్యతలో ఒక గంట కార్యక్రమము సుమారు 29 మెగాబైట్లు. 128 కిలోబిట్లలో సుమారు 58. వీడియోగా చూచినచో ఇంతకు అనేక రెట్లు ఖర్చగును. యాపు పెట్టిన వెంటనే సెట్టింగులలో రెండు మార్పులు చేయుట మంచిది: వైఫై ఉన్నపుడే దించుకొనునట్లును, విన్న భాగమును దానంతటదే తొలగించునట్లును అమర్చవలెను. తక్కువ నిల్వ గల ఫోను ఇట్లు చేయనిచో త్వరగా నిండిపోవచ్చును. వెదకునపుడు తెలుగు లిపిలో ఒకసారి, ఆంగ్లాక్షరములతో ఒకసారి వెదకవలెను. మన కార్యక్రమములకు రెండు విధములుగను పేర్లు పెట్టుచున్నారు.

యాపును ప్లే స్టోరు వంటి అధికారిక స్థానము నుండి మాత్రమే పొందవలెను. వాట్సాపులో ఎవరో పంపిన ఏపీకే ఫైలును ఎన్నడును తెరువరాదు. ప్రభుత్వ పథకముల పేర ఇట్టి ఫైళ్లు పంపి బ్యాంకు ఖాతాలలోని సొమ్ము అపహరించుచున్నారు. ప్లే స్టోరులో నైనను తయారుచేసిన సంస్థ పేరు చూచుకొనవలెను. ధ్వని వినిపించు యాపునకు మన పరిచయస్థుల నంబర్లతోను, ఎస్సెమ్మెస్సులతోను పనిలేదు, అడిగినచో నిరాకరింపుడు.

పంచాయతీ కార్యాలయమున పదిమందికి వినిపింపదలచినచో ఒక ఫోనును, ఒక బ్లూటూత్ స్పీకరును చాలును. అయితే సభ్యులలో ఒకరు ఆ భాగమును ముందుగా తుదివరకు వినవలెను. పాడ్‌కాస్టును ఎవరైనను ప్రచురింపవచ్చును. యాపు దాని సత్యాసత్యములను పరీక్షింపదు. పురుగుమందు మోతాదు, ఔషధములు, రుణములు మొదలగు విషయములైనచో వ్యవసాయాధికారినో, వైద్యునో సంప్రదించిన పిదపనే వినిపించుట క్షేమము. సభకు ముందటి సాయంత్రమే భాగమును దించుకొని, ఫోనును ఏరోప్లేన్ మోడులో నుంచి ఒక నిమిషము నడిపి చూడవలెను. అప్పుడును వినిపించినచో కార్యక్రమము ఫోనులో చేరినట్లే. ఆ పిమ్మట బ్లూటూత్ ఒక్కటి తిరిగి తెరచి స్పీకరుకు కలుపుకొనవచ్చును.