సాగుభూమి చైనా కంటే ఎక్కువే, పట్టా ఎవరి పేర?

విస్తీర్ణంలో చైనా భారతదేశానికి దాదాపు మూడు రెట్లు. దున్ని పంట వేసే భూమి మాత్రం మన దేశంలోనే ఎక్కువ. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల్లో భారత్‌కు సుమారు 15.5 కోట్ల హెక్టార్లు, చైనాకు సుమారు 11 కోట్లు. చైనా పడమటి భాగంలో చాలామటుకు ఎడారులు, టిబెట్ పీఠభూమి. జనాభా రెండు చోట్లా 140 కోట్ల పైనే. కాబట్టి తలసరి లెక్కలోనూ మన దేశానిదే పైచేయి.

మరి దళితుల వాటా ఎంత? 2011 జనగణనలో ఎస్సీలు 16.6 శాతం. 2015-16 వ్యవసాయ గణనలో వాళ్ల కమతాల కింద ఉన్న భూమి సుమారు 9 శాతమే.

చైనా 1950లో చట్టం చేసి భూస్వాముల పొలాలను పేదలకు పంచింది. ఆ క్రమంలో రక్తం పారింది. కొన్నేళ్లకే ఆ భూమి సమష్టి క్షేత్రాల్లో కలిసిపోయింది. 1980ల మొదట్లో వాటిని విడగొట్టినప్పుడు ఎక్కువ చోట్ల ఇంట్లో మనుషుల లెక్కన సాగుహక్కు ఇచ్చారు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1973లో సీలింగ్ చట్టం వస్తే, భూస్వాములు బినామీ పేర్లతో తప్పించుకున్నారు.

సాగుభూమిని ప్రభుత్వపరం చేసి, కుల భేదం లేకుండా గ్రామస్తులకు కౌలుకివ్వాలని అంబేద్కర్ 1947లోనే 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో ప్రతిపాదించారు. పంచడానికి భూమి లేదనే వాళ్లకు మనం ఈ లెక్కలే చూపాలి. లేనిది భూమి కాదు, పంచే మనసు.