ఇటలీ పేరు, చిక్కదనం లెక్క

అమెరికాలో పాస్తా సాస్ సీసా ఏది చూసినా దాని వెనక ఎవరో ఇటలీ అమ్మమ్మ ఉన్నట్టే అనిపిస్తుంది. రాగు బ్రాండు విషయంలో ఆ కథకు ఆధారం కూడా ఉంది. ఇటలీ నుంచి వలస వచ్చిన అసుంతా కాంటిసానో, ఆమె భర్త జియోవాన్నీ 1937లో న్యూయార్క్ రాష్ట్రంలోని రోచెస్టర్‌లో ఆ వ్యాపారం మొదలుపెట్టారు. అయినా ఈ సీసా ఇన్నాళ్లు బతికింది అమ్మమ్మ చేతి మహిమ వల్ల కాదని నా వాదన. ముందు రసాయనశాస్త్రం, ఆ తర్వాత జనం నాలుకల లెక్క దాన్ని నిలబెట్టాయి.

టమాటా పులుపు ఇక్కడ సగం పని చేసిపెట్టింది. పి.హెచ్. 4.6 కన్నా తక్కువున్న చోట బోట్యులిజం విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగలేదు. అందుకే మాంసం కలవని టమాటా సాస్‌ను మాంసం డబ్బాల్లా ప్రెషర్‌లో 121 డిగ్రీల దాకా ఉడికించనక్కర్లేదు. బాగా కాచి, వేడివేడిగా సీసాలో పోసి మూత బిగిస్తే చాలు. చల్లారేకొద్దీ పైన చిక్కుకున్న ఆవిరి నీరవుతుంది, లోపలి పీడనం పడిపోతుంది, మూత మధ్యలోని బుడిపె కిందికి దిగుతుంది. సీసాను మొదటిసారి తెరిచినప్పుడు వినిపించే ‘టక్’ ఆ బుడిపె మళ్లీ పైకి లేచిన చప్పుడే. చిక్కదనం తేవడం ఇంకాస్త కష్టం. టమాటాను చిదిమిన మరుక్షణం నుంచే అందులోని ఎంజైములు చిక్కదనాన్నిచ్చే పెక్టిన్‌ను విరగ్గొడతాయి, గుజ్జు పలచబడుతుంది. వెంటనే 90 డిగ్రీలు దాటేలా వేడి చేస్తే వాటి ఆట కడుతుంది. కాకపోతే తాజా వాసన కొంత పోతుంది. అమ్మమ్మ ఒప్పుకోని బేరం ఇది, ఫ్యాక్టరీ ఒప్పుకుంది.

రాగుకు పోటీగా క్యాంప్‌బెల్ సూప్ కంపెనీ 1981లో ప్రెగో అనే సాస్‌ను తెచ్చింది. పాస్తా మీద పోస్తే అప్పటి రాగు చారులా జారి గిన్నె అడుగు చేరేది, ప్రెగో పైనే పట్టుకుని ఉండేది. అంత తేడా ఉన్నా అమ్మకాల్లో ప్రెగో వెనకబడే ఉంది. హార్వర్డ్‌లో మనోభౌతికశాస్త్రం, అంటే ఇంద్రియానుభవాలను కొలిచే శాస్త్రం చదివిన హోవార్డ్ మాస్కోవిట్జ్‌ను కంపెనీ పిలిపించింది. తీపి, పులుపు, వెల్లుల్లి, ముక్కల పరిమాణం మారుస్తూ ఆయన 45 రకాలు చేయించి, ఊరూరా జనానికి తినిపించి మార్కులు వేయించాడు. ఆ మార్కులకు సగటు తీసి ఉత్తమ సాస్ ఇదేనని తేల్చలేదు. అదే ఆయన తెలివి. సాదాది, కారంగా ఉండేది, పెద్ద ముక్కలున్నది అని ఇష్టాలు మూడు గుంపులుగా విడిపోయాయి. సుమారు మూడోవంతు మందికి నచ్చిన ఆ ముక్కల సాస్ అప్పటికి బజార్లో లేనే లేదు. అది ప్రెగోకు కాసులు కురిపించింది. తర్వాత రాగు కూడా ఆయన్నే పిలిపించుకుని 36 రకాల దాకా వెళ్లింది.

లేని కోరికను కంపెనీలే పుట్టించాయని కొందరంటారు. కానీ రుచి చూపకముందు ముక్కలు కావాలని ఎవరూ అడగలేదు, తిన్నాక మాత్రం మార్కులు వాళ్లే వేశారు. మనిషి నోటితో చెప్పే ఇష్టానికీ నాలుకతో చూపే ఇష్టానికీ మధ్య దూరం ఉంటుందనడానికి ఇంతకన్నా రుజువేం కావాలి? ఇంకో ఆక్షేపణ గట్టిది. అదే కొలబద్దతో తీపిని కూడా కొలిచారు, అరకప్పు సాదా ప్రెగోలో రెండు టీ చెంచాల పైచిలుకు చక్కెర ఉన్నట్టు బయటపడింది. టమాటాలోని సహజ చక్కెరను తీసేసి చూసినా ఈ అభియోగం పూర్తిగా పోదు. నాలుక వేసిన మార్కుల్లో ఒంటికి మేలు చేసేదేదో ఉండదు, కంపెనీ కొలిచింది నాలుకనే. మరి ఇటలీ వేషం దండగేనా? కాదు, మొదటి సీసా కొనిపించేది అదే. రెండో సీసాను కొనిపించేది మాత్రం చిక్కదనం. అప్పటికి రాగు యజమానిగా ఉన్న యూనిలీవర్ 2014లో దాన్ని అమ్మకానికి పెడితే, బెర్టోల్లి అనే మరో సాస్ బ్రాండుతో కలిపి 215 కోట్ల డాలర్లకు దాన్ని కొన్నది ఇటలీ వంటవాళ్లు కారు, 1804 నుంచి వెనిగర్ చేస్తున్న జపాన్ కంపెనీ మిజ్కాన్.