కాలేయపు కావలికణములు

కాలేయమనగానే విద్యార్థికి మొదట జ్ఞప్తికి వచ్చునది పైత్యరసము. పాఠ్యపుస్తకములు దానికిచ్చిన స్థానమట్టిది. కాని ఆ అవయవమునకు వేఱొక వృత్తియు కలదు. ప్రేవులనుండి కాలేయ నిర్వాహక సిర తెచ్చు రక్తములో ఆహారసారముతోపాటు సూక్ష్మజీవులును, వాని విషములును కొట్టుకొనివచ్చును. కాలేయమును చేరు రక్తములో ఇంచుమించు నాలుగింట మూడువంతులు ఈ దారినే వచ్చును. అది అట్లే గుండెకు పోయి దేహమంతట వ్యాపించినచో మన గతి యేమి?

ఆ కీడును కాచునవి కుప్ఫర్ కణములు. సన్నని రక్తకుల్యల లోగోడల నంటిపెట్టుకొని, శాఖలు చాచి, ప్రవాహమున వచ్చు సూక్ష్మజీవులను పట్టి మ్రింగును. అచ్చట రక్తము మెల్లగా సాగుట వీనికి అనుకూలము. సుమారు 120 దినములు పనిచేసి ముసలివైన ఎఱ్ఱ రక్తకణములనుగూడ, ప్లీహముతోపాటు ఇవియు మ్రింగి, అందలి ఇనుమును వృథాపోనీయక దేహమునకు తిరిగి అందించును.

వీని పేరు కథ చిత్రమైనది. 1876లో జర్మన్ శరీరనిర్మాణ శాస్త్రజ్ఞుడు కార్ల్ విల్‌హెల్మ్ ఫాన్ కుప్ఫర్ బంగారు లవణముతో రంగువేసి కాలేయమున నక్షత్రాకారపు కణములను చూచెను. అవి భక్షక కణములని తరువాత ఆయన భావించెను. భక్షక కణములను సరిగా గుర్తించినవాడు పోలండు పండితుడు తదేవుష్ బ్రోవిచ్. కుప్ఫర్ మొదట చూచినవి విటమిన్ 'ఏ'ను దాచు వేఱు కణములని 1971లో జపాను శాస్త్రజ్ఞుడు కెంజిరో వాకే తేల్చెను. అయినను పేరు మాఱలేదు! ఒకరి చాటువు మఱొకరి పేర చెలామణి యగుట తెలుగువారెఱుగనిదా?

ఇక పుట్టుక. ఇవన్నియు ఎముకల మూలుగలో పుట్టి రక్తముతో వచ్చునవని చాలకాలము నమ్మిరి. ఈ శతాబ్దమున చిట్టెలుకలపై జరిగిన ప్రయోగములు ఆ నమ్మకమును మార్చినవి. పిండదశలో, మూలుగ పని మొదలుపెట్టకమునుపే, పచ్చసొనసంచిలో పుట్టిన పూర్వకణములు కాలేయమును చేరి కాపురముండును. అక్కడనే విభజనచెంది సంతతిని నిలుపుకొనును. ఏ వ్యాధిచేతనో ఇవి నశించినపుడు మూలుగనుండి మోనోసైటులు వచ్చి ఆ ఖాళీలలో చేరి, పరిసరమునుబట్టి క్రమముగా కుప్ఫర్ కణముల లక్షణములనే అలవఱచుకొనును.

అయితే వీనికి కష్టమైన పని మ్రింగుట కాదు, ఓర్చుకొనుట. అన్నముతో వచ్చు ప్రతి అన్యపదార్థముపైనను కయ్యమునకు దిగినచో గాయపడునది కాలేయమే. అందుచే మామూలు దినములలో ఇవి తాపమును చల్లార్చు రసాయనములను వెలువరించును. ఈ ఓర్పే హెపటైటిస్ 'బి' వైరసునకు ఆసరా యగుచున్నదని పరిశోధకుల భావన. పెద్దలకు సోకినచో నూటికి 5గురికంటె తక్కువమందిలోనే అది దీర్ఘవ్యాధిగా నిలుచును; పురిటిలో సోకిన శిశువులలోనో, నూటికి 90 మందిలో. బిడ్డ పుట్టిన 24 గంటలలోపలనే టీకా వేయుమని వైద్యులు తొందరపెట్టుట ఇందుకే.