చర్మ క్యాన్సర్‌కు సూచికగా డి.ఎన్.ఎ. మిథైలేషన్

కార్వేటినగరం చుట్టుపక్కల వేరుశెనగ చేలలో, మామిడి తోటల్లో పనిచేసేవారు ఏడాదిలో చాలా రోజులు ఎండలోనే గడుపుతారు. అయినా ఐరోపా సంతతివారితో పోలిస్తే మనలో చర్మ క్యాన్సర్ అరుదు. మన చర్మంలోని మెలనిన్ అతినీలలోహిత కిరణాలను చాలావరకు అడ్డుకోవడమే ఇందుకు ముఖ్య కారణం. అయితే ఒక చిత్రమైన విషయం గమనించండి. మెలనిన్‌ను తయారుచేసే మెలనోసైట్ కణాల నుంచి పుట్టే మెలనోమా అనే ప్రమాదకరమైన క్యాన్సర్ మనవారిలో వచ్చినప్పుడు, తరచుగా ఎండ తగలని అరికాలిలోనో గోరు కిందనో కనిపిస్తుంది. దీనిని ఏక్రల్ మెలనోమా అంటారు. చెప్పులు లేకుండా చేలో నడిచే మనిషి అరికాలిలో నల్లమచ్చ చూస్తే ముల్లు దిగిందనో, ఆనెకాయ అనో అనుకోవడం సహజం. అలా నెలలు గడిచిపోతాయి. 1981లో 36 ఏళ్లకే మరణించిన జమైకా గాయకుడు బాబ్ మార్లేకు కూడా కాలివేలి గోరు కిందే మెలనోమా మొదలైంది.

మచ్చ ముదరకముందే హెచ్చరించే అణుస్థాయి గుర్తు ఏదైనా ఉందా? శాస్త్రజ్ఞులు పరిశీలిస్తున్న వాటిలో డి.ఎన్.ఎ. మిథైలేషన్ ఒకటి.

మిథైలేషన్ అంటే ఏమిటి?

డి.ఎన్.ఎ.లో సైటోసిన్ పక్కనే గ్వానిన్ ఉన్న చోట, సైటోసిన్‌కు ఒక మిథైల్ సమూహం చేరడాన్ని మిథైలేషన్ అంటారు. మానవ జన్యుపదార్థంలో ఇలాంటి స్థానాలు సుమారు 2.8 కోట్లు ఉన్నాయి. ఉత్పరివర్తనలో అక్షరమే మారిపోతుంది. ఇక్కడ అక్షరం మారదు. పుస్తకంలో రెండు పేజీలను జిగురుతో అంటించినట్లు ఊహించుకోండి: రాత అలాగే ఉంటుంది, చదవడమే కుదరదు. జన్యువు మొదట్లో ఉండే ప్రమోటర్ ప్రాంతంలో మిథైలేషన్ పెరిగితే సాధారణంగా ఆ జన్యువు మూగబోతుంది. కణం విభజన చెందినప్పుడు డి.ఎన్.ఎం.టి.1 అనే ఎంజైము ఈ గుర్తులను కొత్త పోగుపై తిరిగి వేస్తుంది. కాబట్టి ఒక కణంలో జరిగిన పొరపాటు దాని సంతతి కణాలకూ అందుతుంది.

ఈ మిథైల్ సమూహాల సరఫరాలో ఫోలిక్ ఆమ్లానికి పాత్ర ఉంది. 1940లలో ఆ ఆమ్లాన్ని సంశ్లేషించిన లెడర్లీ ప్రయోగశాల బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అయితే, ఆకుకూరలు తింటే క్యాన్సర్ గుర్తులు సర్దుకుంటాయని దీని నుంచి నిర్ధారించకూడదు.

అపాయ సూచిక, పురోగతి సూచిక

ఈ రెండింటినీ విద్యార్థులు తరచుగా కలిపేస్తారు. అపాయ సూచిక వ్యాధి రాకముందు కనిపించాలి. ఎండ తగిలిన వృద్ధుల బాహ్యచర్మంలో, అక్కడ క్యాన్సర్ లేకపోయినా, డి.ఎన్.ఎ.లోని విశాలమైన భాగాలు మిథైలేషన్‌ను కోల్పోతాయని 2015లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

పురోగతి సూచిక వ్యాధి ఎంత ముందుకు వెళ్లిందో చెప్పాలి. కణవిభజనకు పగ్గం వేసే పి16 ప్రోటీన్ జన్యువు, ఆర్.ఎ.ఎస్.ఎస్.ఎఫ్.1ఎ అనే మరో కణితి నిరోధక జన్యువు కొన్ని మెలనోమాలలో మిథైలేషన్ వల్ల మూగబోతాయి. వ్యాధి దశ పెరిగేకొద్దీ ఇలా మూతపడే జన్యువుల సంఖ్య పెరిగే ధోరణి కనిపించింది. రెండవ జన్యువుకు చెందిన మిథైలేషన్ గుర్తును రోగుల రక్తంలో తిరిగే డి.ఎన్.ఎ.లో కూడా పట్టుకోగలిగారు. కోయకుండా, రక్తపు చుక్కతో వ్యాధిని గమనించవచ్చన్న ఆశకు ఇదే ఆధారం.

గుర్తును చదవడానికి నమూనాను బైసల్ఫైట్‌తో చర్య జరుపుతారు. మిథైల్ లేని సైటోసిన్ యురాసిల్‌గా మారుతుంది. మిథైల్ ఉన్నది మారదు. తర్వాత క్రమాన్ని చదివితే ఏది ఏదో తెలిసిపోతుంది.

మన అరికాలికి ఇవి వర్తిస్తాయా?

నా దృష్టిలో అసలు ప్రశ్న ఇదే. ఈ పరిశోధనల్లో అధికభాగం తెల్లచర్మం వారిపై జరిగింది. ఏక్రల్ మెలనోమాలో అతినీలలోహిత కిరణాలు వదిలే ఉత్పరివర్తనల జాడ చాలా తక్కువ. మిథైలేషన్ కూడా కణరకాన్ని బట్టి, వయస్సును బట్టి మారుతుంది. అందుచేత ఎండకు కాలిన ముంజేతి చర్మంపై నిర్ణయించిన హద్దును అరికాలికి యథాతథంగా వర్తింపజేయడం శాస్త్రీయం కాదు. మనవారి అరికాలి నమూనాలతోనే, ఆరోగ్యవంతమైన అరికాలి చర్మంతో పోల్చి ఆ హద్దును నిర్ణయించాలి.

అంతవరకు నిర్ధారణ బయాప్సీతోనే. తిరుపతి స్విమ్స్‌లోనైనా, ప్రపంచంలో మరెక్కడైనా, తీసిన ముక్కను సూక్ష్మదర్శిని కింద చూసి, కణితి మందాన్ని మిల్లీమీటర్లలో కొలుస్తారు. అరికాలిలో పెరుగుతున్న, అంచులు వంకరగా ఉన్న, రంగు మారుతున్న లేదా మానని మచ్చ ఉంటే, ముల్లు కోసం ఇంట్లో గిల్లకుండా చర్మవైద్యునికి చూపించాలి.

మీ అవగాహనను సరిచూసుకోండి: అరికాలి మచ్చ నుంచి తీసిన నమూనాలో పి16 జన్యువు ప్రమోటర్‌పై మిథైలేషన్ కనిపించింది. ఈ ఒక్క ఆధారంతో మెలనోమా అని నిర్ధారించవచ్చా? ఏ నమూనాతో పోల్చి చూడాలి, ఎందుకు?