ఇంటి వడ్రంగమున కాలము మిగుల్చు ఉపాయములు

మెట్టసేద్యమున కాలమే మొదటి పెట్టుబడి. పత్తికొండ, డోన్ ప్రాంతముల ఎఱ్ఱనేలలందు వాన వెలిసిన పిమ్మట విత్తుటకు తగిన పదను కొలది దినములే నిలుచును. కొన్నియేండ్ల క్రిందట మేమొక గ్రామమునకు పోయినపుడు, గొర్రు పన్ను విఱిగి ఒక రైతు గట్టుపై కూర్చుండియుండెను. వడ్రంగి పొరుగూరికి పోయెను, ఇంట ఎండిన కొయ్య లేదు, ఉలి మొద్దువాఱియుండెను. మూడవనాటికి పన్ను సిద్ధమయ్యెను గాని పదను ఆఱిపోయెను. పని ఒక్కపూటదే, తక్కిన కాలమంతయు వెదకుటకే చెల్లెను. ట్రాక్టరులు వచ్చినను ఎడ్ల గొర్రును, గుంటకయు గల కుటుంబములు మనలో నింకను గలవు. వారికొఱకు మేమెఱిగిన ఉపాయములను కొన్నింటిని ఇచట తెలుపుచున్నాము.

1. కొయ్య. నాగళ్లకును గొర్రు పండ్లకును నల్లతుమ్మ మేలైనది. పచ్చికొయ్యతో చేసిన కుసి ఎండినకొలది కుదించుకొని బెజ్జమున వదులగును. కావున కొయ్యను ముందేడే కోసి, దిమ్మెలపై పేర్చి, నీడయందు గాలికి ఆరనీయవలెను. తేమ కొనలనుండి వేగముగా పోవుటచే పగుళ్లు అచ్చటనే పుట్టును; కొనలకు మైనము గాని పాత రంగు గాని పూయుడు. చెట్టు కొట్టుటకు ముందు, 2002 నాటి నీరు, భూమి, చెట్ల చట్టము ననుసరించి అనుమతి కావలయునేమో విచారింపుడు.

2. కొలకఱ్ఱ. మాటిమాటికి టేపుతో కొలుచుటవలన కాలము పోవును, తప్పును దొరలును. వేరుసెనగ సాళ్లకు 30 సెంటీమీటర్ల ఎడము చొప్పున ఒక వెదురుబద్దపై గాట్లు పెట్టుకొనుడు. గొర్రు దిండునకును, అంతరకృషి గుంటకకును ఆ బద్దయే కొలత కావలెను. కొలతలు కలియనిచో గుంటక పాస కలుపును విడిచి పైరును కోయును.

3. మూల. దిండునకు నొగ సూటిగా లేనిచో గొర్రు ఒక ప్రక్కకు లాగును. మూలనుండి ఒకవైపు 3 జేనలు, రెండవవైపు 4 జేనలు గుర్తింపుడు. గుర్తుల నడుమ సరిగా 5 జేనలున్న మూల సరియైనది.

4. మేకు. మేకు కొనను సుత్తితో కొంచెము మొద్దుచేసి కొట్టుడు. వాడికొన నారలను ఎడముచేసి కొయ్యను చీల్చును. మొద్దుకొన వానిని నలిపి దారి చేసికొనును.

5. పిడి. గొడ్డలిపిడి వదులైనపుడు నీట నానవేయుట వాడుక. నానిన కొయ్య ఇనుప కంటిలో ఉబ్బి నలిగిపోవును. ఎండిన పిదప మునుపటికంటె వదులగును. ఎండిన కొయ్యచీలికను బిగగొట్టుటయే మేలు.

6. ఉలి, బాడిస. పని ముగిసిన నాడే సానపట్టి, ఆముదము రాచి, ఒక్కచోటనే ఉంచుడు.

ఇవన్నియు రోహిణి కార్తెలోపల ముగించి, అదే కొలతకు చేసిన పండ్లు రెండు అటకపై అదనముగా ఉంచుడు. బరమా, మంచి రంపము ఒక్కరికి భారమైనచో సభ్యులు పదిమంది కలిసి కొనవచ్చును. పనిముట్టు పదును కాచుకొన్నవానికే నేల పదను దక్కును.