ఇల్లు కొనువారికి స్వపక్షపు మధ్యవర్తి

వానలను నమ్మరాని మన కర్నూలు, కడప సీమలలో రైతు వేరుసెనగపైనను ప్రత్తిపైనను ఏండ్ల తరబడి కూడబెట్టిన ధనము తుదకు పట్టణములో నొక యింటి రూపము దాల్చుచున్నది. పిల్లల చదువులకై కర్నూలునందో, నంద్యాలయందో, కడపయందో, ప్రొద్దుటూరునందో ఇల్లు కొనదలచువారు మనలో పెక్కురు గలరు. ఎద్దును కొనునపుడు పండ్లు చూచి, నడక చూచి, నలుగురి నడిగి కొను రైతు, ఇల్లు కొనునపుడు మాత్రము ఒక్క మధ్యవర్తి మాటపై బయానా ఇచ్చుచున్నాడు. కావున ఈ విషయమై కొన్ని మాటలు విన్నవించుచున్నాము.

ఆ మధ్యవర్తి యెవరి మనిషి? తరచుగా అమ్మువాడే ఆతనిని ముందు పిలిచియుండును. బేరము కుదిరిన పిదప ఇరుపక్షముల వద్దను నూటికి ఒకటో రెండో రూపాయలు పుచ్చుకొనుట వాడుక. వెల 30 లక్షలైనచో, నూటికొకటి వంతున మీరిచ్చునది 30,000 రూపాయలు. ఆతడు మీకై వాదించి వెలను 28 లక్షలకు దింపెనేని మీకు 2 లక్షలు మిగులును. ఆతనికి మీ వైపున 2,000, అమ్మువాని వైపున 2,000 తగ్గును. తన కూలిని తానే తగ్గించుకొనుటకు వాదించువాడు అరుదు. ఆతడు దుర్జనుడని మా యభిప్రాయము కాదు. రెండు పడవలపై కాళ్లు పెట్టినవాడు ఏ యొక్క పడవను నడపలేడు.

మీ పక్షపు మనిషి యైనచో చేయవలసిన పనులు వేరు. మొదటిది కాగితముల పరీక్ష. ఇల్లున్న స్థలము డి.కె.టి. పట్టా భూమియో కాదో ఆతడు విచారింపవలెను. అట్టి భూముల విక్రయమును 1977 నాటి చట్టము నిషేధించినది. 2023లో కొన్ని సడలింపులు కలిగినను అవి యెల్లరికిని వర్తింపవు. ఆ స్థలము 22-ఏ నిషిద్ధ జాబితాలో నున్నదేమో సబ్ రిజిస్ట్రారు కచేరీలో అడుగవలెను. ఎన్‌కంబరెన్సు సర్టిఫికేటు చూచి ఊరకుండరాదు. రిజిస్టరు కాని అగ్రిమెంట్లు అందు కనబడవు.

రెండవది నీటి సంగతి. 2009 అక్టోబరులో తుంగభద్రయు హంద్రియు పొంగి కర్నూలును ముంచినపుడు ఆ వీథికి నీరెంత యెత్తున వచ్చినది? 2020 నవంబరులో కడపలో బుగ్గవంక పొంగినపుడు ఆ యింటి గతి యేమి? వేసవిలో బోరు ఎండునా? తానెరిగిన లోపమును అమ్మువాడు దాచరాదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టము చెప్పుచున్నది. కాని సామాన్యమైన జాగ్రత్తతో కొనువాడు కనుగొనగల లోపమునకు ఆ విధి వర్తింపదు. పొరుగింటివారిని అడిగినచో తెలియు సంగతిని అడుగకపోవుట మన లోపమే యగును.

2016 నాటి రెరా చట్టము రిజిస్టరైన పెద్ద వెంచర్లలో అమ్మించు ఏజెంట్లు తామును రిజిస్టరు కావలెనని విధించినది. వీథిలోని పాత యింటి బేరమునకు ఆ రక్షణ లేదు. అచ్చట మనకు తోడు 1872 నాటి కాంట్రాక్టు చట్టము: ఏజెంటు తన్ను నియమించినవానికి లెక్క చెప్పవలెను, వానికి తెలియకుండ తనకై బేరమాడి లాభము పొందినచో ఆ లాభమును వాడు కోరవచ్చును. నియమించినవానికే ఆ హక్కు.

మనవారు పెక్కురు వసించు అమెరికాలో సయితము, అమ్మువాడే ఇరువురి ఏజెంట్ల రుసుమును చెల్లించు వాడుక చిరకాలముండెను. దావాలు నడచి, రియల్టర్ల సంఘము రాజీపడగా, 2024 ఆగస్టు 17 నుండి కొనువాడు ఇల్లు చూడబోవుటకు ముందే తన యేజెంటుతో రుసుమును స్పష్టముగా వ్రాసికొనవలసి వచ్చినది.

కావున మా సలహా యిది. ఆ యూరి భూముల సంగతి యెరిగిన నమ్మకస్థుని ఒకనిని మీరే నియమింపుడు. రుసుము నూటికింతయని కాక, ఒక మొత్తముగా ముందే నిర్ణయింపుడు. వెల పెరిగిన కొలది పెరుగు కూలి మీ మనిషికిని మంచిది కాదు. అమ్మువాని వద్ద నేమియు పుచ్చుకొనరాదని కాగితముపై వ్రాయింపుడు. బేరము చెడినను ఆతని శ్రమకు తగినంత యిండు. అప్పుడే ఆతడు “ఈ యిల్లు వద్దు” అని చెప్పగలుగును. దస్తావేజులను వకీలుకు వేరుగా చూపుడు. ఒక్కనికి భారమైనచో, ఒకే పట్టణమున ఇండ్లు కొనదలచిన ఇద్దరు ముగ్గురు సభ్యులు కలిసి ఆ వ్యయమును పంచుకొనవచ్చును. సహకారమునకు ఇదియు నొక పొలమే.